దయామణి చూడని పూలు

గది తలుపు మూసి, నల్లకవరులోంచి పాత ఫొటో కాగితం తీసి, మార్కు దాని మీద మూరెడు సన్నజాజులు పరిచాడు. పైన గాజుపలక పెట్టి పెరట్లో ఎండలోకి తెచ్చాడు. కెమెరాతో పని లేదు. ఎండ తగిలినచోట కాగితం ఊదారంగు తిరుగుతుంది, పూల కింద తెల్లగా మిగులుతుంది. వెంటనే హైపో నీళ్లలో ముంచితే బొమ్మ నిలుస్తుంది, లేకపోతే అంతా నల్లబడుతుంది.

బందరు కోనేరు సెంటర్లో ఒక స్టూడియో చీకటిగదిలో ముప్పయ్యేళ్లు పనిచేశాడతను. ఊళ్లో సగంమంది పెళ్లిఫొటోలు అతని చేతుల్లోనే తేలాయి గానీ, ఆ పొట్టిమనిషి మొహం ఎవరికీ గుర్తులేదు. ఫొటోలు ఫోనుల్లోకి వెళ్లిపోయాక యజమాని మిగిలిన కాగితాల పెట్టెలు చేతికిచ్చి సాగనంపాడు.

భార్య దయామణికి పూలంటే ప్రాణం. పామిడిముక్కల నుంచి కాపురానికి వచ్చినప్పుడు తలనిండా కనకాంబరాలే. తర్వాత పూలూ నగలూ కూడదనే వేరే క్రైస్తవ సంఘంలో బాప్తిస్మం తీసుకుని అవన్నీ మానేసింది. మార్కు ఒక్కమాట అనకుండా పూలను కాగితం మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆమె హైపో కలిపి పెడుతుంది, గడియారం చూసి టైము చెబుతుంది, బొమ్మకేసి మాత్రం చూడదు. పన్నెండేళ్లుగా ఇదే వరస. ఒక్కసారి చూస్తే చాలని అతని ఆశ.

"పెట్టుకోవద్దన్నారు గానీ, చూడొద్దన్నారా దయా?"

"చూస్తే మనసు లాగుద్దండి."

"కాగితం పూలక్కూడానా?"

"మీరు చేసినయ్యి కదండీ. అందుకే మరీను."

"మొండిఘటానివే!" అని నవ్వాడు మార్కు.

"హైపో కలిపి బాత్రూంలో పెట్టాను. గంట కాగానే తీసెయ్యండి," అని ఆమె బైబిలు పట్టుకుని పదింటి స్త్రీల కూడికకు వెళ్లింది.

సముద్రపు గాలికి పలక కదులుతోంది. మార్కు స్టూలు లాక్కుని గోడనీడలో కూర్చుని, పలక కదలకుండా అంచు పైన వేళ్లు ఆనించాడు. ఒళ్లంతా చెమట పట్టింది. కాసేపు గోడకు తల వాల్చి కళ్లు మూసుకున్నాడు.

దయామణి తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది.

"ఏవండీ, ఇంకా తియ్యలేదా?"

పలకలేదు. భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

కేక పెట్టబోయి ఆగిపోయింది. జనం వస్తే ఇక కాగితం సంగతి ఎవరికి పడుతుంది? అతని చేతిని మెల్లగా ఒళ్లోకి దించింది. కాగితాన్ని కొంగుకింద దాచుకుని బాత్రూంలోకి పరుగెత్తి హైపోలో ముంచింది. ఏడుస్తూనే గడియారం చూసుకుంది. పది నిమిషాలయ్యాక కడిగి, వెలుతురులోకి తెచ్చి, కళ్లప్పగించి చూసింది. అప్పుడు గొంతెత్తి ఏడ్చింది.

పక్కింటి భానుమతి పరుగున వచ్చేసరికి బట్టలతీగ మీద కాగితం నీళ్లోడుతోంది. దాని మీద తెల్లటి సన్నజాజులు, వాటి పక్కనే అంతే తెల్లగా మార్కు వేళ్లు నాలుగు.