మాట్లాడే తీగ, వినే తీగ

తృప్తి ఆ ఉదయం విమానం ఎక్కబోతోందని నాకు చెప్పలేదు. వాళ్ల నాన్న యాదగిరి చాయ్ తాగుతూ నోరు జారాడు. నేను డబ్బాలో నాలుగు రొట్టెలు సర్దుకుని సోలాపూర్‌లో మా నీలం నగర్ మూల మీద ఆటో ఎక్కాను. డబ్బా ఒక సాకు. పిల్ల తినకుండా పోయిన మాట నిజమే గానీ, అంతమాత్రానికి ఎవరూ ఊరి బయట విమానాల మైదానం దాకా పోరు.

మా అమ్మాయి విమానాల మరమ్మతు చదువుకుంది. విమానం నడపడం నేర్పే చిన్న బడిలో కొత్తగా చేరింది. పని చూసి ఉంచుకుంటారో పంపేస్తారో ఇంకా తెలియదు. అలాంటప్పుడు ఇద్దరు పట్టే విమానంలో కొత్త ట్రాన్స్‌పాండర్ బిగించి, దాన్ని జీపీఎస్‌కు కలిపే పని మొదటిసారి ఆమె ఒక్కదాని చేతికిచ్చారు. ట్రాన్స్‌పాండర్ అంటే ఏమిటో ఆమే నాకు చెప్పింది. 'నేను ఫలానా విమానాన్ని, ఫలానా చోట ఉన్నాను' అని అది కింది వాళ్లకు చెబుతూ పోతుందట. కానీ తాను ఎక్కడుందో దానికి స్వయంగా తెలియదు. జీపీఎస్ చెప్పాలి. ఆ చెప్పడమంతా ఒక సన్నని తీగ మీద. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ తీగ తెగితే? ఎలుక కొరికితే? మబ్బులో ఇంకో విమానం ఎదురొస్తే?

నేను పోయేసరికి విమానాన్ని షెడ్డు బయటికి తోశారు. రెక్కలు తీసేస్తే మా గల్లీలో తిరిగే టెంపో కన్నా చిన్నది. తృప్తి లోపల తల వంచి ఏదో నొక్కుతోంది. పక్క సీట్లో నడిపే పిల్ల, నల్ల కళ్లద్దాలతో. తలుపు దగ్గర ఇంజినీరు మంగేశ్ సార్ నిలబడి ఉన్నాడు.

"అమ్మా! నువ్వెందుకొచ్చినవ్ ఈడికి?"

"తినకుండ వస్తివి గద బిడ్డా."

"కాకూ, నాకు గూడ తెచ్చినవా?" అంది నడిపే పిల్ల నవ్వుతూ. కాకూ అంటే ఇక్కడ పిన్ని. "నేను ఋతుజను. మాది భవాని పేట్. మన తెలుగోళ్లమే."

"తెచ్చిన తల్లీ. దిగి తినుండ్రి ఇద్దరు. పొద్దు చాన ఉంది."

"దిగుడు గాదు కాకూ, ఎగురుడుంది మాకు."

మంగేశ్ సార్ మా మాటలు పట్టించుకోలేదు. "పొజిషన్ వచ్చిందా?" అని మరాఠీలో అడిగాడు.

"ఇంకా రాలేదు సార్," అంది తృప్తి. "షెడ్డు రేకుల కింద ఉండె గదా. ఇప్పుడు ఆకాశం దొరికింది, వస్తుంది."

ఆ గొంతు నాకు తెలుసు. పదో తరగతిలో లెక్కల మార్కులు అడిగితే వచ్చిన గొంతు అది.

"జీపీఎస్ తన తెర మీద మనం ఎక్కడున్నామో చూపిస్తూనే ఉంది," అన్నాడు సార్. "మరి ట్రాన్స్‌పాండర్‌కెందుకు చెప్పడం లేదు? తీగలు చూశావా?"

"చూశాను సార్."

అంతలో ఆయన ఫోను మోగింది. వస్తుందేమో కాసేపు చూడమని చెయ్యి ఊపి షెడ్డులోకి పోయాడు. ఋతుజ ఆకాశం వంక చూసింది. "ఎండ ముదిరితే గాలి కుదుపుతది తృప్తీ. పైకి పోతే అదే వస్తదేమో. మైదానం మీదనే ఒక చక్కర్ కొట్టొద్దాం. ఇంకో విమానం గూడ లేదు."

తృప్తి తలుపు మూసి, బెల్టు లాక్కుంది.

నా కాళ్లు వాటంతటవే నడిచాయి. పోయి విమానం ముక్కుకు ఎదురుగా నిలబడ్డాను.

"కాకూ! పంక ముందట నిలబడొద్దు!" అని అరిచింది ఋతుజ.

తృప్తి తలుపు తోసుకుని దిగి, నా రెక్క పట్టుకుని పక్కకు లాగింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"నా నౌక్రీ పోగొట్టనీకి వచ్చినవానే అమ్మా?"

"పోతే పోనీ. గా డబ్బ నువ్వు యాడున్నవో చెప్తలేదంటుండ్రు. పైన ఏమన్నయితే ఎవ్వలకెర్క?"

"చెప్తది! నేనే కలిపిన గదా. నాన్న పడుగు అతికినట్టు కలిపిన. ఒక్కటి గూడ అడ్డం పడకుండ, దేనిది దానికే. జీపీఎస్ మాట్లాడే తీగను దీని మాట్లాడే తీగకు, వినే తీగను వినే..."

అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచి అలాగే ఉంది.

మా ఇళ్లలో మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెడతాం. అంచుది అంచుకు, ఎరుపుది ఎరుపుకు. ఒక్క పోగు పక్కదాని మీదుగా పోయిందా, మగ్గం ఆగినట్టే. తృప్తి బడికి పోకముందే వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఈ పని నేర్చింది. ఆమె వేళ్లు ఆమెను అడగకుండానే చేస్తాయి.

కానీ అప్పుడు నాకు ఇదేమీ తట్టలేదు. ఆమెకు కళ్లు తిరుగుతున్నాయనుకుని వీపు పట్టుకున్నాను. "ఏమైంది బిడ్డా?"

"రెండూ మాట్లాడుతున్నయమ్మా," అంది మెల్లగా. "ఎవ్వలు ఇంటలేరు."

"పోదామా, వద్దా?" అని లోపలి నుంచి ఋతుజ.

తృప్తి షెడ్డు వైపు చూసింది. సార్ అటు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమె చేతిలో తప్పు జరిగిందన్నంత వరకు నాకు అర్థమైంది. చెవిలో అన్నాను: "కడుపు నొస్తుందని చెప్పు. ఎవ్వలకు చెప్పకు. ఎవ్వలు లేనప్పుడు మెల్లగ సర్దుకో."

"నేను దిగితే ఇంకొకలు ఎక్కుతరు," అంది. నా చెయ్యి విడిపించుకుని షెడ్డులోకి నడిచింది.

నేను వెనకాలే పోయాను. ఆమె చెప్పింది విని మంగేశ్ సార్ ఫోను జేబులో పెట్టాడు.

"డ్రాయింగ్ చూడలేదా?"

"చూశాను సార్. డ్రాయింగ్‌లో ఒకదాని మాట ఇంకొకదాని చెవికే పోయింది. చేతులే అలవాటు కొద్దీ పోయాయి."

"ఇది సోలాపూర్ చాదర్ కాదు తృప్తీ, విమానం," అన్నాడు. విమానం వైపు చూసి, "నేను కూడా తీగ గట్టిగా ఉందా అని లాగి చూశానే గానీ, ఎటు పోయిందో చూడలేదు," అన్నాడు. ఆ మాట అన్నాడు కాబట్టి ఆయన మీద నాకు కొంచెం కోపం తగ్గింది.

విమానాన్ని మళ్లీ లోపలికి తెచ్చారు. తృప్తి సీటు కింద దూరి, సూది లాంటి పనిముట్టుతో తీగల కొసలు బయటికి తీసి, చోట్లు మార్చింది. ఈసారి సార్ డ్రాయింగ్ పట్టుకుని ఒక్కో తీగ పేరు పైకి చదివాడు. అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో ఆమె వేలితో చూపించేదాకా రెండో పేరు చదవలేదు. బయటికి తోశాక ట్రాన్స్‌పాండర్‌లో పొజిషన్ అంకెలు వచ్చాయి. ఋతుజ చప్పట్లు కొట్టింది.

నేను కొట్టలేదు. తప్పు దొరికింది కదా, ఇవాళ్టికి ఎగరడం ఆగుతుందనుకున్నాను. తప్పు సర్దుకుంది కాబట్టి ఎగురుతారట.

"నా పని సంగతి సార్?" అని తృప్తి అడిగింది.

"దిగాక చెబుతా."

ఆ మాటతోనే ఎక్కింది. నేను ముక్కు ముందుకు పోలేదు. పంకా తిరిగింది, దుమ్ము లేచింది. విమానం పరుగెత్తి, నేల వదిలింది. సార్ తన ట్యాబ్ నా ముందు పట్టాడు. పటం మీద చిన్న గుర్తు ఒకటి పాకుతోంది.

"మావశీ, ఘాబరూ నకా, భయపడొద్దు. అదిగో మీ పిల్ల."

ఆకాశం చూడటం నా వల్ల కాలేదు. గుర్తునే చూశాను. ఒకచోట అది ఆగింది.

"ఆగింది! సార్, ఆగింది!" ఆయన మణికట్టు పట్టేసుకున్నాను. గాజులు గుచ్చుకున్నాయేమో, ఆయన మూలిగాడు. గుర్తు ఒక్కసారిగా ముందుకు దూకింది. ఊళ్లో కుంఠా నాకా మీదుగా తిరిగిందన్నాడు సార్. అక్కడే మా ఆయన మగ్గాల చప్పుడులో ఉంటాడు, నెత్తి మీద కూతురున్న సంగతి తెలియకుండా.

చక్రాలు నేలకు తగిలాక గానీ సార్ చెయ్యి వదల్లేదు.

తృప్తి దిగి నా దగ్గరికి రాలేదు. సార్ ముందు నిలబడింది. ఆయన మణికట్టు రుద్దుకుంటూ షెడ్డులోని ఇంకో విమానం వైపు చూశాడు.

"రెండో విమానానికీ ఇదే పని ఉంది," అన్నాడు. "రేపు మొదలుపెట్టు. డ్రాయింగ్ నేను చదువుతా."

అంటే పనిలో ఉంచుకున్నట్టే. ఋతుజ తృప్తి భుజం చరిచింది.

"దాంట్ల ఎక్కేదెవ్వలు?" అని అడిగాను. ముగ్గురూ నా వంక చూశారు. తృప్తి నా దగ్గరి డబ్బా తీసుకుని మూత తెరిచింది.