వెనక తలుపు

పద్దెనిమిదేళ్లుగా కార్లకు అలారాలు బిగిస్తున్న మెకానిక్‌కి కూత వినబడితే చాలు, ప్రాణం ఉసూరుమనేది. అది సొంత అక్క కారుదైనా సరే.

అక్క ఇంటి దగ్గర బట్టలు కుట్టి, తన కారులోనే తీసుకెళ్లి ఇచ్చి వస్తుంది. ఆ వారంలో మూడుసార్లు షాపుకొచ్చింది.

"ఊరికే అరుస్తోందిరా. ఇరుగుపొరుగు దుమ్మెత్తిపోస్తున్నారు."

వెనక తలుపు స్విచ్ అరిగిపోయింది. గాలికి తలుపు కాస్త అదిరినా, ఎవరో తెరిచారనుకుని అలారం మోగుతోంది. స్విచ్ మార్చాలంటే గంట పని. అతనికా ఒళ్లు హూనమై ఉంది. రెండుసార్లు వైరు సరిచేసి పంపేశాడు. మూడోసారి కుర్చీలోంచి లేవనే లేదు.

"కాసేపటికి అదే ఊరుకుంటుందిలే అక్కా" అన్నాడు.

అబద్ధం కాదు. ఒకే తలుపు గంటలో మూడుసార్లు మోగించిందంటే, అలారం పెట్టె దాన్ని ఇక లెక్కచేయదు. మిగతా తలుపులకు కాపలా మామూలే. ఉత్తుత్తి కూతలతో జనం చెవులు చిల్లులు పడకుండా చేసిన ఏర్పాటది. సంగతిలో ఈ రెండో సగం చెప్పడానికి అతనికి ఓపిక లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క నడిచొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పెళ్లివాళ్ల బట్టలురా. పదకొండు జతలు. వెనక సీట్లో పెట్టి, తాళం వేసి, అన్నం తినడానికి పైకెళ్లాను. ఆ వెనక తలుపే పెకిలించి ఎత్తుకుపోయారు. సాయంత్రం ఇవ్వాలి, ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"అలారం మోగలేదా?"

"అంతకుముందు గంటలోనే గాలికి మూడుసార్లు మోగింది. మూడుసార్లూ మెట్లు దిగి చూశాను, ఎవరూ లేరు. తర్వాత చప్పుడు లేదు. నువ్వన్నట్టే ఊరుకుంది కదా అని నిశ్చింతగా తిన్నాను."

పెట్టె పాడైందక్కా అనే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అక్క నమ్మేస్తుంది కూడా. కానీ ఆమె కళ్లలోకి చూశాక ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు. తల దించుకుని, నిన్న మింగేసిన సగం ఇప్పుడు చెప్పాడు.

అక్క అరవలేదు. స్టూలు మీద కూలబడింది.

"నేనూ మూడుసార్లు వచ్చాను కదరా నీ దగ్గరికి" అంది.

అతను సొరుగులోంచి కొత్త స్విచ్ తీసుకుని ఆమె వెంట వెళ్లాడు. బిగించడానికి గంట పట్టలేదు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.