తొమ్మిదో నియమం

మిస్రీ పోయిన రోజు ఆదివారం. ఆ రోజు కూడా అబ్దుల్ సత్తార్ ఎప్పటిలాగే ఐదు కాకముందే లేచి, బకెట్లో గోరువెచ్చటి నీళ్లు పట్టుకొని, భుజాన గోనెగుడ్డ వేసుకొని గుర్రపుశాలలోకి వెళ్లాడు. తొట్టి కడిగాడు. తడిసిన గడ్డిని పారతో ఒక పక్కకు లాగాడు. తర్వాత మిస్రీ మెడ మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా ఏ గుర్రం దగ్గరికి వెళ్లినా అతను ముందుగా చేసే పని అదే. చేయి పెడితే చాలు, రాత్రి దానికి ఎలా గడిచిందో తెలిసిపోతుందని అంటాడు.

మిస్రీ పదిహేనేళ్ల ఆడగుర్రం. పేరుకు తగ్గట్టే పటికబెల్లం రంగు. వీపు కొంచెం కుంగింది, కళ్ల పైన గుంటలు పడ్డాయి. అయినా జీను వేయగానే మెడ నిలబెట్టి ముందుకు చూసేది.

సత్తార్‌కు యాభై ఎనిమిదేళ్లు. పొట్టిగా, ఎండిపోయినట్టు ఉంటాడు. కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. చిన్నప్పుడు లాడం కొడుతుంటే సుత్తి తగిలి పోయింది, మళ్లీ రాలేదు. తండ్రి ఖమ్మం స్టేషన్ ముందు జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చి జట్కాలు పోయాక సత్తార్ కొన్నాళ్లు పెళ్లి ఊరేగింపుల గుర్రాలను చూసుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందట బూర్గంపాడు దాటాక అడవి అంచున రవికుమార్ పెట్టిన గుర్రపుస్వారీ క్లబ్బులో సాయీసుగా, అంటే గుర్రాలను చూసుకునే మనిషిగా చేరాడు. భార్య రహీమున్నీసా ఖమ్మంలో కూతురి దగ్గర ఉంటుంది. నెలకోసారి వెళ్లి చూసి వస్తాడు. రెండో రోజుకే, గుర్రాలకు దాణా సరిగ్గా పెడుతున్నారో లేదో అని బయలుదేరతాడు.

శుక్రవారం సాయంత్రం మిస్రీని నడిపిస్తుంటే అతను ఒకటి గమనించాడు. ఎడమ ముందుకాలు నేలను తాకినప్పుడల్లా దాని తల రవ్వంత పైకి లేస్తోంది. గిట్ట పట్టుకొని చూస్తే వేడిగా ఉంది. ఉప్పునీళ్లలో కాలు ముంచి గంటసేపు పట్టుకున్నాడు. శనివారం మళ్లీ అదే చేశాడు. నొప్పి తగ్గింది, పోలేదు. ఎవరికీ చెప్పలేదు.

క్లబ్బులో ఆ చలికాలం నాలుగు ఆదివారాలు పోటీలు పెట్టారు. ఉద్యోగాలు చేసుకుంటూ సరదాగా స్వారీ నేర్చుకునేవాళ్ల కోసం. పొద్దున డ్రెస్సాజ్, అంటే చెప్పిన వరుసలో గుర్రాన్ని నడిపించి చూపడం. మధ్యాహ్నం జంపింగ్, అడ్డుకర్రలు దూకించడం. నియమాల కాగితం ఆఫీసు బయట రేకుబోర్డుకు అంటించారు. అది ఇంగ్లీషులో ఉంది. డిసెంబరులో ఒక రోజు సోనీ దాన్ని ఫోన్లో ఫోటో తీసుకొచ్చి, దాణా డ్రమ్ము మీద కూర్చొని అతనికి చెప్పింది.

సోనీకి ఇరవై నాలుగేళ్లు. దగ్గరి తండాలో మిర్చి పండించే జైరాం కూతురు. ఫారెస్టు డిపార్టుమెంటులో బీట్ ఆఫీసరు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి మిస్రీ ఎక్కేది. వేరే గుర్రం ఇస్తానన్నా తీసుకోదు.

"హెల్మెట్ లేకుంటే మైదానంలకే రానియ్యరంట చాచా."

"మంచిదే. ఉండేది ఒక్క తలకాయ."

"గుర్రాన్ని ఒక్క రోజుల మూడుసార్ల కంటే ఎక్కువ దింపొద్దు. బయటినుంచి ఎవ్వరూ నోరు మెదపొద్దు. నువ్వు నాలికతోని టక్ టక్ అంటవ్ చూడు, గట్ల అన్నవనుకో, నన్ను బయటికి పంపిస్తరు."

"మరి దానికి ఎట్ల తెలుస్తది?"

"నేను పైన కూసున్న గదా! నన్నేమన్న బస్తా అనుకుంటున్నవా?"

సత్తార్ నవ్వాడు. ఆమె కిందికి జరుపుతూ చదివింది. గుర్రాల పనికి జీతం తీసుకునేవాళ్లు పోటీ చేయకూడదు.

"గిది నాకోసమే రాసిండ్రు," అన్నాడు అతను. "లేకుంటే కప్పు నేనే ఎత్తుకపోదును."

"తొమ్మిదోది. కుంటుతున్న గుర్రాన్ని ఆ రోజు దింపొద్దు. చూసుకునేటోళ్లకు ముందే తెలిస్తే వాళ్లే చెప్పాలె."

"అవ్. గది న్యాయం," అన్నాడు సత్తార్. ఆమె పదోదానికి వెళ్లింది.

నాలుగు పోటీల్లో ఒకే గుర్రం మీద కనీసం మూడు పూర్తి చేస్తేనే వరుస పూర్తయినట్టు లెక్క. అడవిలో డ్యూటీ పడి సోనీ రెండోదానికి రాలేకపోయింది. అందుకని ఈ ఆఖరి ఆదివారం దిగి తీరాలి. ఇది సోనీ పతకంతో పోయే విషయం కాదు. వారం కిందట రవికుమార్ గడ్డివాము దగ్గర నిలబడి మాట తేల్చేశాడు.

"ముసల్దాన్ని ఇంకెన్ని రోజులు మేపుదాం సత్తార్ భాయ్? సోనీ గినక దీనిమీద సిరీస్ పూర్తి చేస్తే ఉంచుత. లేకుంటే బరాతోళ్లకు ఇచ్చేస్త. అడుగుతనే ఉన్నరు."

ఊరేగింపు గుర్రాల బతుకు సత్తార్‌కు తెలుసు. డీజే పెట్టెల పక్కన గంటలు గంటలు నిలబెడతారు. కాళ్ల దగ్గర టపాసులు పేలుస్తారు. అతను చూసుకున్న గుర్రాల్లో రెండు చెవిటివయ్యాయి.

మిస్రీ కోసమే ఆ పని చేశానని తర్వాత అతను తనకు తాను చెప్పుకున్నాడు. అది సగమే నిజం. మొదటి పోటీ రోజున, గుర్రాన్ని ఇంత చక్కగా తయారు చేసిందెవరని జడ్జి అడిగితే మైకులో అతని పేరు చెప్పారు. నలభై ఏళ్లలో అతని పేరు పదిమందికి వినబడేలా ఎవరూ పలకలేదు. అది ఇంకోసారి వినాలని అతనికి ఉంది.

ఆ తెల్లవారుజామున మిస్రీ కుడి ముందుకాలు ఎత్తి రెండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. కుడికాలు బాగున్న కాలు. లాడం మడమ వైపు రెండు మేకులు పైకి లాగి, లాడానికీ గిట్టకూ మధ్య శెనగగింజంత రాయి ఒకటి జొనిపి, మేకులు మళ్లీ దిగ్గొట్టాడు.

అది తండ్రి చూపిన కిటుకు. ఏడాదికోసారి మున్సిపాలిటీవాళ్లు జట్కా గుర్రాలను పరీక్ష చేసేవారు. ఒక కాలు నొప్పిగా ఉంటే రెండో కాలికీ నొప్పి పెడితే సరి, దేని మీదా బరువు తప్పించుకోలేక గుర్రం రెండు కాళ్లూ ఒకేలా వేస్తుంది, తల ఎగరదు. తండ్రి పరీక్ష అయిన మరుక్షణం గేటు పక్కనే కూర్చొని రాయి తీసేసేవాడు. సత్తార్ కూడా అలాగే తీద్దామనుకున్నాడు.

"పొద్దుగాల గా సుత్తి సప్పుడేంది?" అని జంపక్క గుమ్మంలోంచి అడిగింది. ఆమె శాల ఊడ్చి, అడవిలోంచి గడ్డి కోసుకొచ్చే మనిషి.

"మేకు వదులైంది."

"నిన్ననే గదా అన్నీ సూసినవ్?"

"ఇయ్యాల వదులైంది. నీ చీపురు పని నువ్వు చూసుకో."

"చూసుకుంట తియ్. గుర్రానికి చేసిన ముస్తాబుల పావువంతు నీ పెండ్లానికి చేస్తే, గామె గీడనే ఉండేది," అని నవ్వుతూ వెళ్లిపోయింది.

ఎనిమిదింటికి పశువుల డాక్టరు గట్టి మొరం నేల మీద గుర్రాలను ఒక్కొక్కటిగా నడిపించి చూశాడు. సత్తార్ పగ్గం పట్టుకొని మిస్రీ పక్కన పరుగెత్తాడు. వెళ్లడం ఇరవై అడుగులు, రావడం ఇరవై అడుగులు. తల ఎగరలేదు. మిస్రీ చెవులు మాత్రం వెనక్కి వాల్చింది. డాక్టరు కాగితం మీద టిక్కు పెట్టి తర్వాతి గుర్రాన్ని పిలిచాడు.

రాయి తీయడానికి వీలు చిక్కలేదు. సోనీ పేరు రెండోదే. తెల్ల చొక్కా, నల్ల హెల్మెట్‌తో ఆమె మైదానంలోకి వెళ్లి, జడ్జి ముందు ఆగి తల వంచింది. సత్తార్ తాడుకు ఇవతల రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, నాలుకను పళ్ల మధ్య పట్టుకొని నిలబడ్డాడు. మిస్రీ గుండ్రంగా తిరిగింది, అడ్డంగా దాటింది, ఆగమన్నచోట ఆగింది. నడకలో వంక కనిపించలేదు. చెమట మాత్రం ఎక్కువ పట్టింది. ఆ చెమట ఎండది కాదని అక్కడున్నవాళ్లలో అతనొక్కడికే తెలుసు.

భోజనాల వేళ అందరూ షామియానా కిందికి వెళ్లారు. సత్తార్ పట్టకారు తీసుకొని శాలకు నడిచాడు. మిస్రీ కుడికాలు ఎత్తి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అప్పుడే మైకు పలికింది. డ్రెస్సాజ్‌లో మొదటి స్థానం మిస్రీ మీద సోనీ. అడుగులు చాలా సమంగా ఉన్నాయని జడ్జిగారు రాశారు. గుర్రాన్ని సిద్ధం చేసినవారు అబ్దుల్ సత్తార్.

చప్పట్లు శాల దాకా వినిపించాయి.

అతను కాలు వదలలేదు, పట్టకారూ పెట్టలేదు. రాయి తీస్తే కుంటు మళ్లీ కనబడుతుంది. డాక్టరు అక్కడే ఉన్నాడు. ఇంకెంత, ఒక్క రౌండు. ఏడు అడ్డుకర్రలు, రెండు నిమిషాలు. గిట్టను మెల్లగా నేల మీద దించాడు. మిస్రీ మూతిని అతని భుజం మీద ఆనించింది. అతను దాని దవడ నిమిరి బయటికి వచ్చాడు.

జీను బిగిస్తున్నప్పుడు సోనీ అడిగింది.

"ఏంది చాచా, ఇది ఇయ్యాల జర బరువుగ నడుస్తుంది. బాగనే ఉందా?"

"బాగనే ఉంది బిడ్డా. ఎండకు గట్ల ఉంటది."

"నువ్వు చెప్తే సరే," అంది సోనీ.

అయిదు అడ్డుకర్రలు దాటింది. ఆరోదాని ముందు మిస్రీ ఒక్క క్షణం తటపటాయించింది. సోనీ మడమలతో అదిలించింది. అది ఎగిరింది. దిగేటప్పుడు ఏ కాలి మీద దిగాలో దానికి తెలియలేదు. ముందుకాళ్లు రెండూ ఒకేసారి మడుచుకుపోయాయి. సోనీ దాని మెడ మీదుగా ఎగిరి అవతల పడింది. ఫట్‌మన్న చప్పుడుకు కర్ర విరిగిందని కొందరు అనుకున్నారు. అది కర్ర కాదు.

సోనీ కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది. లేచి కూర్చుంటూనే, "మిస్రీకి ఎట్లుంది?" అని అడిగింది. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లే జీపు ఎక్కుతూ, "నేనే తొందరపడ్డ చాచా, అది వద్దన్నది, నేనే కొట్టిన," అంటూనే ఉంది.

డాక్టరు మోకాలి కింద చేయి పెట్టి చూసి లేచాడు. రవికుమార్‌తో రెండు మాటలు చెప్పాడు. షామియానా పరదా ఒకటి తెచ్చి చుట్టూ పట్టుకున్నారు. సత్తార్ నేల మీద కూర్చొని మిస్రీ తలను ఒడిలోకి తీసుకొని, మెడ మీద అరచేయి ఆనించాడు. సూది దిగింది. చేతికింద నరం కొట్టుకోవడం మందగించింది, తర్వాత లేదు. ఈగ ఒకటి కంటి మీద వాలితే దాన్ని తోలాడు.

పూడ్చేముందు లాడాలు తీయడం సాయీసు పని. కుడికాలిది ముందు తీశాడు. రాయి అరచేతిలో పడింది. జంపక్క నాలుగు అడుగుల దూరంలో నిలబడి చూసింది. సత్తార్ దాన్ని పేడకుప్పలోకి విసిరాడు.

ప్రమాదం జరిగితే మూడు రోజుల్లోగా స్వారీ చేసినవారు, గుర్రాన్ని చూసుకున్నవారు ఏం జరిగిందో రాసి సంతకం చేయాలని ఇంకో నియమం ఉంది. మర్నాడు సోనీ చేతికి సిమెంటు కట్టుతో వచ్చింది. ఆఫీసులో ఫారం తీసుకొని శాల అరుగు మీద కూర్చుంది. పై గడిలో ఎడమచేత్తో, వంకరటింకర అక్షరాలతో రాసి చదివి వినిపించింది. గుర్రం ఆగబోయింది. నేను బలవంతంగా దూకించాను. తప్పు పూర్తిగా నాది.

"గట్ల రాయకు బిడ్డా."

"మరెట్ల రాయాలె? జరిగిందే రాసిన. ఇగ నేను గుర్రం ఎక్క చాచా. నాయినతోని కూడ చెప్పిన." ఆమె కళ్లు తుడుచుకొని కింది గడిలో అతని పేరు రాసింది. "ఇంగ్లీషుల వద్దులే. నువ్వు చెప్పు, నేను తెలుగుల రాస్త."

పెన్ను పట్టుకొని అతని మొహంలోకి చూసింది. సత్తార్ నోరు తెరిచాడు. శాలలో ఖాళీ అయిన గదిలోకి జంపక్క చీపురు తీసుకొని వెళ్లింది. ఊడ్చే చప్పుడు రాలేదు.

"రేపు చెప్త," అన్నాడు.

"సరే. రేపు సాయంత్రం వస్త."

ఆమె వెళ్లాక జంపక్క బయటికి వచ్చింది.

"గా పిల్ల ఏడ్సుకుంట పోయింది," అంది.

"చూసిన."

"చూసుడు కాదు."

మంగళవారం సోనీ వచ్చేవేళకు సత్తార్ మిగతా గుర్రాలను వాగుకు తోలుకెళ్లాడు. ఆమె చీకటి పడేదాకా అరుగు మీద కూర్చొని వెళ్లిపోయిందని జంపక్క చెప్పింది. ఈ రోజు బుధవారం, మూడో రోజు. రవికుమార్ పొద్దుట్నుంచి రెండుసార్లు అడిగాడు.

ఫారం జీన్ల గదిలో కిటికీ చువ్వకు గుచ్చి ఉంది. కింది గడిలో అబ్దుల్ సత్తార్ అని సోనీ ఎడమచేత్తో రాసిన పేరు ఉంది. దాని పక్కన ఇంకా ఏమీ రాయలేదు.