నడక సారు కాపురం

మా ఆయన్ని ఆఫీసులో అందరూ నడక సారు అంటారు. ఊరి కౌన్సిల్లో ప్లానింగు విభాగంలో ఉద్యోగం. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉండాలి, కొట్టూ బడీ ఆసుపత్రీ పది నిమిషాల నడకలో ఉండాలి, ఊరు ఎటుపడితే అటు పాకిపోకూడదు అని మైకు దొరికిన చోటల్లా ఊదరగొడతారు. ఆ పెద్దమనిషి కాపురం మాత్రం ఊరికి ఇరవై ఎనిమిది కిలోమీటర్ల అవతల, ఒక లేఅవుటులో చిట్టచివరి ఇల్లు. పాల ప్యాకెట్టు కావాలన్నా కారు తియ్యాల్సిందే. తీసేది నేను. ఆయనకు డ్రైవింగు రాదు.

పొద్దున్నే ఆయన్ని ఆఫీసులో, పిల్లను బళ్ళో దింపాలి. మధ్యాహ్నం అత్తయ్యను కళ్ళ డాక్టరు దగ్గర దింపాలి. సాయంత్రం దింపినవాళ్ళందరినీ మళ్ళీ ఏరుకు రావాలి. ఈ తిరుగుళ్ళతోనే ఆరేళ్ళ కిందట లెక్కల టీచరు ఉద్యోగం వదులుకున్నాను. మొన్న సోమవారం మా పాత హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేశారు. "నీ చోటు ఖాళీ అయిందమ్మా. శుక్రవారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పు. లేకపోతే వేరేవాళ్ళను తీసుకోవాలి." ఆ బడి ఊరి నడిబొడ్డున, కౌన్సిల్ ఆఫీసుకు రెండు వీధుల అవతల ఉంది.

భోజనాల దగ్గర కదిపాను. "ఊళ్ళోకి మారిపోదామండీ. రెండు గదులైనా చాలు."

"ఇక్కడి గాలి చూడవే, ఎంత బాగుంటుందో!"

"గాలి పీల్చి బతకడానికి నేనేమైనా చెట్టునా?"

ఆయన కంచంలోకి చూస్తూ "ఆలోచిద్దాం" అన్నారు. ఆరేళ్ళుగా అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం పదకొండింటికి కౌన్సిల్లో ఆయన పథకం మీద చర్చ. పాత బజారులో కొట్ల మీద ఇళ్ళు కట్టుకోనివ్వాలన్నది ఆయన వాదన. ఊరవతల నాలుగొందల ఎకరాల లేఅవుటు వెయ్యాలన్నది అవతలివాళ్ళ వాదన. మూడు నెలలు కూర్చుని మా ఆయన థర్మోకోలుతో బజారు నమూనా చేశారు. ఆ పొద్దున దాన్ని కారు వెనక సీట్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. "బ్రేకు మెల్లగా వెయ్యవే, ఆసుపత్రి ఊడిపోతుంది" అని దారంతా ఒకటే నస.

వంతెన దాటగానే బళ్ళన్నీ ఆగిపోయాయి. పదిన్నరైనా జానెడు కదల్లేదు. ఎలాగో పక్కనున్న పెట్రోలు బంకులోకి కారు దూర్చాను.

"దిగండి," అన్నాను.

"దిగి?"

"నడవండి."

"ఇక్కణ్ణించా? కిలోమీటరున్నర ఉంటుందే!"

"ఎవరండీ ఈ మాట అంటున్నది?"

దిగారు. నమూనాకు చెరో పక్కా పట్టుకుని బయల్దేరాం. మొదటి మలుపుకే నడక సారు రొప్పడం మొదలుపెట్టారు. దారిలో ఒక దర్జీ కొట్టులోంచి తొంగిచూసి "ఈ ఇళ్ళు అద్దెకిస్తారాండీ?" అన్నాడు. ఒక ముసలావిడ ఆపేసి "లిఫ్టుందా నాయనా?" అని నిలదీసింది. ఆయన ప్రతివాళ్ళకూ వివరంగా జవాబు చెబుతుంటే, నేను వెనకనుంచి నెట్టుకుంటూ, పదకొండూ అయిదుకు హాలుకు చేర్చాను. అక్కడ సగం కుర్చీలు ఖాళీ. సభ్యులు కూడా ఆ వంతెన మీదే ఉన్నారట. చైర్మన్ గారు పన్నెండింటికి చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

మా ఆయన చెప్పిందంతా విని, "మాటలు బాగున్నాయి గానీ, కొట్టు మీద కాపురం ఎవరుంటారయ్యా? నువ్వుంటావా?" అన్నారు.

మా ఆయన నమూనా వంక చూశారు, తర్వాత వెనక వరసలో ఉన్న నా వంక చూశారు.

"ఉంటానండీ. ఇందాక వస్తుంటే దర్జీ కొట్టు మీదున్న పాత ఇంటికి టులెట్ బోర్డు చూశాను. కారులో పోతుంటే ఇన్నాళ్ళూ కంటపడలేదు. మా ఆవిడ ఒప్పుకుంటే వచ్చే నెలే మారిపోతాం."

హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. ఆరేళ్ళు కాళ్ళావేళ్ళా పడితే కదలని మనిషి నిండు సభలో నా ఒప్పుదల అడుగుతున్నారు! కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఆ మాట మినిట్సులో రాయించండి సార్. ఇంటికెళ్తే ఈయన మళ్ళీ ఆలోచిస్తారు," అన్నాను.

హాలంతా గొల్లున నవ్వింది. గుమాస్తా నిజంగానే రాసుకున్నాడు. చివరికి, పరీక్షగా ఒక్క వీధిలో కట్టి చూడమని పథకానికి ఒప్పుకున్నారు. నాలుగొందల ఎకరాల లేఅవుటుకూ ఒప్పుకున్నారు. కౌన్సిలంటే కౌన్సిలే మరి.

వరండాలోకి వచ్చి హెడ్మిస్ట్రెస్‌కు ఫోన్ చేశాను. "వస్తున్నానండీ" అన్నాను. కాగితాల మీద సంతకం చెయ్యడానికి వెంటనే రమ్మన్నారు.

మా ఆయన వెనకాలే నిలబడి అంతా విన్నారు. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. కాళ్ళు కూడా నొప్పెడుతున్నట్టున్నాయి.

"పద, బడి దాకా దింపుతాను," అన్నారు.

ఇద్దరం మెల్లగా రెండు వీధులూ నడిచాం. గేటు దగ్గర ఆయన ఆగిపోయారు, నేను లోపలికి వెళ్ళాను. ఆరేళ్ళలో నన్ను ఒకరు ఒకచోట దింపడం అదే మొదటిసారి.