నడిమడ కొలత

రిపోర్టు చివర డెబోరా పేరుంది. ఆమె రాసిన పేజీ మాత్రం లేదు.

ఇందుకూరుపేట దాటాక షామియానా కింద ప్రజాభిప్రాయ సేకరణ మొదలై పావుగంటైంది. రొయ్యల ఫ్యాక్టరీకి వేసే రోడ్డు మడ అడవిని చీల్చుకుని పోవాలా, చుట్టూ తిరిగి పోవాలా అన్నది ఆ పూటే తేలాలి. డెబోరా ఎనిమిది నెలలు మోకాలి లోతు బురదలో తిరిగి కొలిచిన అడవి అది. ఆమె బాస్, కన్సల్టెంట్ సుశీల్ కుమార్, మైకు పట్టుకుని జాయింట్ కలెక్టరమ్మకు తీరిగ్గా చెబుతున్నాడు. అరవై ఎకరాల మడలో రోడ్డుకు పోయేది మూడెకరాలేనట. బదులుగా కాలవ గట్టు వెంట ఆరెకరాలు నాటేశారట. పోయినదానికి రెట్టింపట.

డెబోరాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఏ వైపు అంచు నుంచైనా వంద మీటర్ల దాకా ఎండ, ఉప్పుగాలి దూరి బురద వేడెక్కుతుంది. అది పోగా చల్లగా మిగిలే నడిమడ ఇరవై ఒక్క ఎకరాలే. పీతలు డొప్ప మార్చుకునేది, చేపపిల్లలు దాక్కునేది అక్కడే. మధ్యలో రోడ్డు పడితే కొత్తగా రెండు అంచులు పుట్టుకొచ్చి, నడిమడ ఐదెకరాలకు పడిపోతుంది. గట్టు మీద నాటిన ఆరెకరాలు రిబ్బను ముక్క. మొత్తం అంచే, మధ్యంటూ లేదు. మాయమైన పేజీలో ఉన్నది ఈ లెక్కే.

లేచి నిలబడి అంతా చెప్పింది. సుశీల్ కుమార్ నవ్వాడు.

"ఆ వంద మీటర్లు విదేశీ పుస్తకాల్లోదమ్మా. నీ థర్మామీటర్లు చెడిపోయాయని ఆఫీసులో తేలింది కదా. ఇక్కడ రుజువేది?"

ముందు వరసలో కంపెనీవాళ్లు కిసుక్కుమన్నారు. అప్పుడు లేచింది అంకాలమ్మ. ముప్పై ఏళ్లుగా ఆ మడలో పీతలు పట్టే మనిషి.

"పాప చెప్పేది నిజమమ్మా. ఏటా మేము మడలోకి పోయి, బురద కాలికి చల్లగా తగిలిన కాడ చెట్టుకు గుడ్డ కడతాము. అది దాటి ఎవురూ కొక్కెం పెట్టరు."

ఆ గుడ్డలేవని జాయింట్ కలెక్టర్ అడిగింది.

"పోయిన నెల ఈ సారోళ్లే తెంపుకొని పోయినారు."

సుశీల్ కుమార్ తడబడలేదు. అది చెత్త ఏరివేత కార్యక్రమమని, ఫోటోలతో సహా ముప్పై ఒకటో పేజీలో ఉందని గర్వంగా చెప్పాడు.

డెబోరా గబగబా పేజీలు తిప్పింది. నలభై రెండు ఫోటోలు. ప్రతిదాంట్లో చెట్టు, పాత కోకగుడ్డ, దాన్ని లాగుతున్న చెయ్యి. ప్రతి ఫోటో కింద కెమెరా తనంతట తనే ముద్రించిన అక్షాంశం, రేఖాంశం.

ఒక్కో అంకె ఫోనులోని మ్యాపులో ఎక్కించింది. పది చుక్కలు పడేసరికి వంపు కనిపించింది. ఇరవై పడేసరికి గీత అయింది. నేరుగా వెళ్లి ఫోను జాయింట్ కలెక్టర్ ముందు పెట్టింది. మడ అంచు నుంచి ఒక్కో చుక్కదాకా ఆమె తనే కొలిచింది. తొంభై ఎనిమిది మీటర్లు. నూట మూడు. తొంభై ఐదు.

"ఇది మీ రిపోర్టే కదా, సుశీల్ కుమార్ గారూ?"

ఆయన మంచినీళ్ల సీసా అందుకున్నాడు.

రోడ్డు బయటినుంచే పోవాలని, పోయిన పేజీ కలిపి రిపోర్టు మళ్లీ పెట్టాలని జాయింట్ కలెక్టర్ అక్కడే రాసి సంతకం చేసింది. డెబోరా షామియానా దాటకముందే ఉద్యోగం ఊడిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. చదివి, బ్యాగులో పడేసింది.

బయట సుశీల్ కుమార్ కారు తలుపుకు అడ్డంగా అంకాలమ్మ నిలబడి ఉంది. గుడ్డలు తెచ్చిమ్మంటోంది. తగలబెట్టేశామని, కొత్తవి కొనిస్తానని ఆయన గొణిగాడు.

"గుడ్డలు మా కాడ ఉండాయి లే సారూ. నువ్వొచ్చి కట్టు. చల్లగా తగిలే కాడ." ఆమె ఆయన కాళ్లవైపు చూసింది. "బూట్లిప్పి రా."