ఒక పన్ను ఎక్కువ

"సిరా ఇంకా కాగలేదా?" ముందు గదిలోంచి ఆయన కేక.

కాగుతోంది. ఒక పొయ్యి మీద కూర, రెండో దాని మీద మసీ జిగురూ కలిపిన సిరా. దేన్ని అడుగంటనిచ్చినా తిట్లు ఆమెకే. పెళ్ళయిన కొత్తలో సిరా కాచి, రెల్లు కలం చెక్కి ఇవ్వడం వరకే ఆమె పని. ఆయన అరబిక్ లిపిలో పేరు మోసిన లేఖకుడు మరి. ఆయన చేతికి వణుకొచ్చి ఆరేళ్ళు. అప్పట్నుంచి పుస్తకాలకు నస్ఖ్, గుమ్మాలకు సులుస్, గోడ అంచులకు పలకలు తేలిన కూఫీ, ఏ రకం రాతైనా ఆమే రాస్తోంది. శాలువాలు ఆయనకి. "మగాడి పేరుంటేనే నలుగురూ గడప తొక్కుతారు, నోరు మూసుకుని రాయమ్మా" అంది అత్తగారు. కలానికి నోరెక్కడిదని తను నవ్వి ఊరుకుంది. కానీ మొన్న ఎవరో ఆమె వేళ్ళకున్న సిరా చూసి అడిగితే, "మా ఆవిడ కలాలు బాగా కడుగుతుంది" అన్నాడాయన. ఆ క్షణాన ఆయన్ని అసహ్యించుకుంది.

గ్రంథాలయం గుమ్మం మీద చెక్కాల్సిన ఫలకానికి కాగితం మీద రాత నలభై రోజుల్లో పూర్తయింది. రాతిపనివాడికి అక్షరం రాదు, ఉన్న గీత ఉన్నట్టు చెక్కుతాడు. ఇక మిగిలింది చివర్న సంతకం. "కతబహు" అంటే రాశాడు. "కతబత్‌హు" అంటే రాసింది. తేడా అంతా ఒక చిన్న పన్ను, అంటే పంటిలా పైకి లేచే గీత, దాని మీద రెండు చుక్కలు. ఆరేళ్ళుగా తన చేత్తో తనే "రాశాడు" అని రాసి, పక్కన ఆయన పేరు పెడుతోంది. ఈసారి పన్ను గీసింది. చుక్కలు పెట్టింది. ఆరనిచ్చింది.

ఆయన వచ్చి వంగి చూశాడు. "పన్ను ఎక్కువ పడింది."

"పడలేదు. రాశాను."

ఆయన మొహం నల్లబడింది. ఆడదాని రాత గుమ్మానికెత్తరన్నాడు, రేపట్నుంచి ఈ ఇంటికి పనే రాదన్నాడు. అది నిజమే కావచ్చని ఆమెకూ తెలుసు. భయమేసింది కూడా.

"గీకెయ్. రాతిపనివాడు వచ్చే వేళయింది."

సిరా గీకే చిన్న కత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. "మీరే గీకండి."

మొన కాస్త జారితే నలభై రోజుల రాత చిరుగుతుంది. కాగితానికి జానెడు పైన ఆయన చెయ్యి వణుకుతూ ఆగిపోయింది. ఆ చేతి పక్కనుంచే ఆమె కలం ముంచి, ఎప్పుడూ ఆయన పేరు పెట్టే ఖాళీ చోట్లో తన పేరు రాయడం మొదలుపెట్టింది.