ఇంద్రాణి చేతి బరువు

ఆర్కేపురం క్వార్టర్లో అందరికంటే ముందు లేచేది ఇంద్రాణే. మంచం పట్టిన అత్తగారు దుర్గాంబకి పక్కబట్టలు మార్చి, ఒళ్ళు తుడిచి, జావ తాగించి, కుక్కరు పెట్టి, డబ్బాలు సర్ది, మెట్రోలో నిలబడి మినిస్ట్రీకి పోయి, సాయంత్రం మళ్ళీ నిలబడే వచ్చేది. వచ్చాక మళ్ళీ పక్కబట్టలు. గానుగెద్దునైనా ఒక పూట విప్పుతారు, ఈవిడకి అదీ లేదు.

మరి మనిషి ఎలా నిలబడిందయ్యా అంటే, కుట్టుమిషను వల్ల. ఇంద్రాణి ఏది కుట్టినా అప్పటిదాకా పేరుకున్న అలసటంతా అందులోకి దిగిపోయేది. మండపేటలో వాళ్ళ అమ్మమ్మ చేతికీ ఆ గుణం ఉండేదట. ఆర్కేపురం ఇంట్లో సోఫా దిండ్లు చూడ్డానికి బూరుగుదూదే, జరపాలంటే మాత్రం ఇద్దరు పట్టాలి. ఇంద్రాణికి ఒక్కదానికే వాటి బరువు తెలిసేది కాదు, అలవాటు. పనిమనిషి వాటి జోలికి పోకుండా చుట్టూ ఊడ్చి వెళ్ళేది. కింది వాటా ఆంటీ స్లాబు పగులుతుందేమోనని ఒకసారి అడిగింది. ఇల్లు కిందిది కదా, అడగదూ మరి!

భర్త ఉమాశంకర్ విమానాల మరమ్మతు ఉద్యోగం నుంచి ముందుగానే రిటైరై, గురుగ్రామ్ దాటాక ఒక రేకుల షెడ్డులో సొంతంగా రెండు సీట్ల విమానం కడుతున్నాడు. చెడ్డవాడు కాడు పాపం. ఇల్లు దానంతట అదే నడుస్తుందనుకునే రకం, అంతే. రెక్కలయ్యాయి, ఇంజనయింది, లోపల గోడలకీ తలుపులకీ మెత్తటి ప్యానెళ్ళు మిగిలాయి. కరోల్‌బాగ్‌లో కారు సీట్లు కుట్టేవాళ్ళకిస్తే మందపాటి ఫోము వేసి పరుపుల్లా చేసిచ్చారు. విమానానికి గ్రాము గ్రామూ లెక్కే. పై నెలలో ఇన్‌స్పెక్టరు వస్తాడు, తూకం దాటితే ఎగరనివ్వడు.

"నువ్వే కుట్టాలి ఇంద్రా. నీ అంత శుభ్రంగా ఎవరు కుడతారు?" అన్నాడు.

"నా చేతి సంగతి తెలిసే అంటున్నారా?"

"అన్నీ తూచే కొన్నానోయ్. పల్చటి ఫోము, పల్చటి బట్ట."

తెలివి తెల్లారినట్టే ఉంది. అన్నీ తూచాడు, కుట్టే మనిషిని తప్ప.

ఇంద్రాణి అట్టతో కొలతలు తీసి, పల్చటి అల్యూమినియం రేకు మీద ఫోము అంటించి, బూడిదరంగు బట్ట కప్పి, అంచులు వెనక్కి మడిచి కుట్టింది. ఆఫీసు నుంచి వచ్చి, అత్తగారికి అన్నం తినిపించాక కుట్టిన ఆ మొదటి ప్యానెలు తిరగలి రాయంత బరువు తేలింది. ఉమాశంకర్ దాన్ని ఎత్తబోయి నడుం పట్టుకుని కూలబడ్డాడు.

"అమ్మో, ఇలాగైతే కొంప మునిగినట్టే! నువ్వు అలసిపోకుండా కుట్టాలి."

"ఎలాగో మీరే చెప్పండి," అంది ఇంద్రాణి. వెటకారం చేద్దామన్నా ఓపిక లేదు.

ఉమాశంకర్ ఆలోచించి, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఇంటిపని తనదన్నాడు. అన్నం మాడ్చాడు. పప్పులో ఉప్పు మరిచాడు. పక్కబట్టలు మారుస్తూ ముక్కు మూసుకుంటే దుర్గాంబే కసిరింది, "నీకు నేను మార్చలేదట్రా వెధవా? చెయ్యి తియ్!" అని. ఇంద్రాణి సాయంత్రాలు కాళ్ళు చాపుకుని టీ తాగింది. టీ చివరిదాకా వేడిగానే ఉండడం ఆమెకి కొత్తగా అనిపించింది. ప్యానెళ్ళు ఒకదాన్ని మించి ఒకటి తేలికయ్యాయి. మొదటిదాన్ని పక్కన పడేసి దాని బదులు ఇంకోటి కుట్టిన రోజున ఆమె కూనిరాగం తీస్తోంది. ఆ ప్యానెలు ఫ్యాను గాలికి లేచిపోకుండా పైన చెంబు పెట్టాల్సి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, తూచాడు, సరేనన్నాడు. ఉమాశంకర్ మిఠాయి డబ్బాతో ఇంటికొచ్చి సోఫాలో వాలాడు.

"అమ్మయ్య, గట్టెక్కాం! ఇంద్రా, అమ్మకి కాస్త జావ కాచివ్వవూ? ఇక నావల్ల కాదు."

ఇంద్రాణికి ఏడుపొచ్చింది. ఏడవకుండా వెళ్ళి జావ కాచింది. మర్నాటి నుంచి మళ్ళీ పక్కబట్టలు, కుక్కరు, మెట్రో. సుఖం మరిగిన ఒళ్ళు కదా, ఈసారి మరీ కష్టమైంది.

ఆదివారం విమానం మొదటిసారి ఎగరాలి. పట్టేసిన నడుముకి ఆసరాగా ఒక చిన్న దిండుంటే బాగుండునన్నాడు ఉమాశంకర్. బరువు సంగతి ఆయనకి గుర్తు లేదు, గుర్తుచేసే ఓపిక ఆమెకి లేదు. మిగిలిన బూడిదరంగు ముక్కతో శనివారం సాయంత్రం కుట్టేసింది. మర్నాడు అత్తగారిని కింది వాటా ఆంటీకి అప్పగించి, దిండు చంకలో పెట్టుకుని భర్తతో వెళ్ళి, తనే సీట్లో అమర్చి పక్కకొచ్చి నిలబడింది.

విమానం రన్‌వే చివరిదాకా పరిగెత్తింది. చక్రాలు నేల విడవలేదు. తిప్పుకొచ్చి మళ్ళీ పరిగెత్తించినా అంతే. మెకానిక్ గుర్మీత్ లోపలంతా వెతికి, దిండు మీద చెయ్యి వేసి, రెండు చేతులా లాగి వదిలేశాడు.

"ఇంజన్ ఠీక్ హై సర్‌జీ. ఈ తకియా తీసేద్దాం, ఎగిరిపోతుంది."

ఉమాశంకర్ దిండుని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఇందులో ఏం కూరావు ఇంద్రా?"

"ఏం లేదండీ. ఈ వారమే."

"ఒక్క వారమా?"

ఆమె తలూపింది. ఇంట్లో సోఫా నిండా ఉన్న దిండ్లు ఆయన కళ్ళముందు కదిలాయి. ఎగిరే విమానం ఎదురుగా ఉంది, దిండు తీసి గుర్మీత్ చేతికిస్తే చాలు. ఉమాశంకర్ ఇవ్వలేదు. ఇంజను ఆపేశాడు.

ఆ దిండుని క్వార్టరు మెట్లన్నీ తనే మోశాడు. మెట్టు మెట్టుకీ ఆగాడు, ఇంద్రాణి చెయ్యి వేయబోతే వద్దన్నాడు. సోఫాలో దింపి, చెమట తుడుచుకుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు.

"ఎవరే జావ కాస్తోంది?" లోపల్నుంచి అరిచింది దుర్గాంబ.

"నేనేనమ్మా."

"ఇన్‌స్పెక్టరు మళ్ళీ వస్తున్నాడేంట్రా?"

"ఎవరూ రావట్లేదు."

ఇంద్రాణి వంటింటి గుమ్మంలో నిలబడింది. "మరి రేపో?" అంది.

"రేపూ నేనే. ఇక రోజూ నేనే."

ఆమె చాలాసేపు ఆయన వీపు వంక చూసింది. తర్వాత వెళ్ళి కుట్టుమిషనుకి మూత పెట్టి, కాళ్ళు చాపుకుని కూచుంది.